తక్కువ తింటే తగ్గే జబ్బు కాదిది

బులీమియా అనే తిండి జబ్బు ఉందని ఎవరికి చెప్పినా మొదట వచ్చే సలహా ఒకటే. "అంత తినడమెందుకు, తిన్నాక కక్కుకోవడమెందుకు? ముందే తక్కువ తింటే సరిపోతుంది కదా!" మా అమ్మ ఇదే అంది. పీజీలో, అంటే నేనుండే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, నా రూమ్మేట్ ఇదే అంది. మొదట్లో నేను వెళ్ళిన ఒక జనరల్ డాక్టరు కూడా, కాస్త మెత్తగా, ఇదే అన్నారు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. చెప్పేవాళ్ళు మన మేలు కోరే చెప్తారు. కానీ ఈ జబ్బు విషయంలో ఇంతకంటే చెడ్డ సలహా ఇంకొకటి లేదు. నేను కోలుకున్నది తక్కువ తిని కాదు. వేళకి, కడుపు నిండా, భయపడుతూనే తిని కోలుకున్నాను. చికిత్స చేసినవాళ్ళు మొదటి రోజు నుంచీ నాతో చేయించింది అదే. నా వెంట నిలబడినవాళ్ళు చేసిన అసలు సాయం కూడా అదే. ఈ ఒక్క మాట మన ఇళ్ళలో, బెంగళూరు పీజీల్లో, ఆఫీసు క్యాంటీన్లలో అర్థమయ్యేలా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందే ఒక సంగతి. నా బరువెంతో, ఎన్ని క్యాలరీలు తినేదాన్నో, ఏం చేసి ఎలా కక్కేదాన్నో ఇందులో ఎక్కడా రాయను. ఈ జబ్బులో ఉన్నవాళ్ళ కళ్ళు అలాంటి వివరాల మీదికే పోతాయి. చదివి తమతో పోల్చుకుంటారు. అంకెల వల్ల ఇక్కడ ఎవరికీ మేలు జరగదు.

జబ్బేమిటో చెప్తాను. కొద్దిసేపట్లో, మామూలుగా ఎవరూ తిననంత తినేస్తాం. తింటున్నంతసేపూ చెయ్యి మన మాట వినదు. ఆపైన వచ్చే భయంతో దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూస్తాం. కొందరు వాంతి చేసుకుంటారు, కొందరు విరేచనాల మాత్రలు మింగుతారు, కొందరు మర్నాడంతా పస్తుంటారు, కొందరు జిమ్‌లో ఒళ్ళు హూనం చేసుకుంటారు. వారానికి ఒకసారైనా చొప్పున ఇది 3 నెలలు సాగి, మనిషిగా మన విలువంతా ఒంటి ఆకారంలోనే ఉందన్న నమ్మకం లోపల గట్టిగా పాతుకుని ఉంటే సైకియాట్రిస్టులు దాన్ని బులీమియా అంటారు. 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు 30 మంది పేషెంట్లను చూసి మొదటిసారి దీన్ని విడిగా ఒక జబ్బుగా వర్ణించారు. అంటే వైద్యపుస్తకాల్లో దీని వయసు మా అమ్మ వయసు కంటే తక్కువ. మా ఊళ్ళో ఎవరికీ తెలియకపోవడంలో వింతేమీ లేదు.

పైగా చూస్తే తెలియదు. తిండి జబ్బు అనగానే ఎముకల గూడులా ఉన్న మనిషి గుర్తొస్తుంది. బులీమియా ఉన్నవాళ్ళలో చాలామంది మామూలు బరువులోనే ఉంటారు, కొందరు కాస్త ఎక్కువే ఉంటారు. పండక్కి ఇంటికెళ్తే "నీకేం, నిక్షేపంలా ఉన్నావు" అంటారు. అలా అన్న రోజున మనం చచ్చినా నోరు విప్పం.

మాది అనంతపురం జిల్లా. ఉద్యోగం ఔటర్ రింగ్ రోడ్డు మీద, పీజీ మారతహళ్ళిలో. అప్పట్లో నా రోజు ఇలా ఉండేది. పొద్దున పీజీలో పెట్టే ఇడ్లీ వదిలేసి బ్లాక్ కాఫీ. మధ్యాహ్నం క్యాంటీన్లో అందరూ అన్నం కలుపుకుంటుంటే నా ముందు కీరదోస ముక్కలు. సాయంత్రం నాలుగయ్యేసరికి తల తిరిగేది, ఎవరైనా పలకరిస్తే చిరాకు వచ్చేది. మనసులో తిండి తప్ప ఇంకేం ఉండేది కాదు. ఎదురు సీటు అబ్బాయి డబ్బా తెరిస్తే అందులో ఏముందో వాసనబట్టి చెప్పగలిగేదాన్ని. రాత్రి రూమ్మేట్ పడుకున్నాక యాప్‌లో ఆర్డరు. కిందికి దిగి వాచ్‌మన్ దగ్గర పార్సిల్ తీసుకుని మెట్ల మీదే విప్పేదాన్ని. బిర్యానీ, బిస్కెట్లు, ఆ తర్వాత పీజీ వంటింట్లో మిగిలిన చల్లటి అన్నం, ఊరగాయ, చివరికి డబ్బాలో చక్కెర. రుచి తెలిసేది కాదు. కడుపు నొప్పి పుట్టేదాకా ఆగేది కాదు. ఆ తర్వాత బాత్రూమ్. ఆ తర్వాత చన్నీళ్ళతో మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంటూ ఒట్టు: "రేపు ఏమీ తినను."

జబ్బంతా ఆ ఒట్టులోనే ఉంది. చూసేవాళ్ళకి రాత్రి జరిగేదే కనిపిస్తుంది. అతిగా తినడం, కక్కడం. నాకూ అదే కనిపించేది కాబట్టి, నాలో ఏదో తిండిపోతు ఉందని, దాన్ని కట్టేయాలని పొద్దున్నే ఇంకా గట్టిగా కడుపు మాడ్చుకునేదాన్ని. కానీ రాత్రి జరిగినదానికి పునాది పడేది పొద్దున, ఆ ఇడ్లీ ప్లేటు పక్కకి నెట్టినప్పుడు. ఊపిరి బిగబట్టినవాడు ఇక ఉండలేక ఒక్కసారిగా పీల్చుకుంటే అతన్ని ఎవరూ గాలిపోతు అనరు. మాడిన ఒళ్ళు అన్నం మీద పడితే మాత్రం తిండిపోతు అంటాం, మనల్ని మనమే అనుకుంటాం.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని చెప్పి, దాని బదులు ఈ ప్రయోగానికి స్వచ్ఛందంగా ఒప్పుకున్నవాళ్ళు వాళ్ళు. దాదాపు 6 నెలలు వాళ్ళకి అర్ధాకలి తిండి పెట్టారు. వాళ్ళలో ఎవరికీ అంతకుముందు తిండి గురించి ఏ బాధా లేదు. సన్నబడాలన్న కోరికా లేదు. కొన్ని వారాలకే వాళ్ళకి వేరే ఆలోచన లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు, కలల్లో తిండి చూశారు, ప్లేట్లు నాకారు. చిరాకు, దిగులు, నలుగురిలో కలవలేకపోవడం అన్నీ వచ్చాయి. మళ్ళీ తిండి పెంచినప్పుడు కడుపు నిండినా ఆపలేక తిన్నవాళ్ళున్నారు, తిని తిని జబ్బుపడినవాళ్ళున్నారు. దీని గురించి మా సైకాలజిస్టు చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. క్యాంటీన్లో ఎదుటివాడి డబ్బా వాసన పట్టడం నా బుద్ధి వంకర అనుకున్నాను. అది ఆకలి చేసే పనట. అందరికీ అంతేనట.

మరి మనవాళ్ళకి ఈ సంగతి ఎందుకు కనబడదు? మన దగ్గర మాడటానికి దొరికినంత మెప్పు ఇంకదేనికీ దొరకదు కాబట్టి. ఇంటికెళ్ళినప్పుడు "సన్నబడ్డావే!" అని నవ్వు మొహంతో అడిగిన ప్రతి అత్తా, ప్రతి పెద్దమ్మా నా జబ్బుని మెచ్చుకున్నవాళ్ళే, పాపం తెలియక. పెళ్ళిచూపుల వయసు ఆడపిల్ల అన్నం మానేస్తే ఇంట్లో ఎవరూ కంగారుపడరు. ఆఫీసులోనైతే బరువు తగ్గే పోటీ పెట్టి, గెలిచినవాళ్ళకి గిఫ్ట్ వోచర్ ఇచ్చారు. రోజులో ఎనిమిది గంటల్లోనే తిని, మిగతా సమయమంతా పస్తుండే పద్ధతి గురించి మా టీమ్‌లో జరిగినంత చర్చ ప్రాజెక్టు గురించి కూడా జరగలేదు. అది అందరికీ చెడు చేస్తుందని నేననను. కానీ తిండితో ఇప్పటికే గొడవపడుతున్న మనిషికి ఉపవాసం నేర్పడం ప్రమాదం. పక్కసీటులో ఎవరు అలాంటివాళ్ళో మనకి తెలియదు.

నా విషయంలో శనివారం ఒక్కపొద్దు కూడా జబ్బుకి అడ్డం పెట్టుకునే పరదా అయింది. వెంకటేశ్వరస్వామి పేరు చెప్తే ఇంట్లో ఇంకో ప్రశ్న వేయరు. తర్వాత శనివారం పక్కన శుక్రవారం చేరింది, సోమవారం చేరింది. దేవుడి మీద నాకు నిజంగానే భక్తి. అందుకే చికిత్సలో ఉపవాసాలు ఆపాలన్నప్పుడు చాలా బాధపడ్డాను. ఆ ముడి విప్పింది మా అవ్వ. "మాత్రలు మింగేవాళ్ళకి ఒక్కపొద్దు ఏంది పాపా? పసిపిల్లలకి, ముసలోళ్ళకి, రోగమొచ్చినోళ్ళకి లేదు. స్వామి ఏమన్నా లెక్కలు రాసుకుంటాడా?" అంది. ఆచారంలోనే ఆ వెసులుబాటు ఉంది. మా అవ్వకి తెలిసిన ఈ ముక్క, సోషల్ మీడియాలో ఉపవాసాల గొప్ప చెప్పేవాళ్ళు ఒక్కరూ చెప్పరు.

నా జబ్బు మొదట పట్టుకున్నది పంటి డాక్టరు. జివ్వుమంటున్నాయని వెళ్తే, చిన్న అద్దంతో పై పళ్ళ వెనక వైపు చాలాసేపు చూసింది. అక్కడ ఎనామెల్ అరిగి నున్నగా అయిపోయింది. కడుపులోంచి పైకొచ్చే ఆమ్లం తగిలేది సరిగ్గా అక్కడే. "ఎసిడిటీ ఉందా? తరచూ వాంతులవుతాయా?" అని, టూత్‌పేస్ట్ ఏదని అడిగినంత మామూలుగా అడిగింది. ఆ మామూలు గొంతు వల్లే తలూపగలిగాను. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయొద్దని, మెత్తబడిన ఎనామెల్ ఇంకా అరుగుతుందని, నీళ్ళతో పుక్కిలిస్తే చాలని చెప్పి, ఒక ఫిజీషియన్‌కి చీటీ రాసింది. నన్ను తిట్టలేదు, జాలిపడలేదు. బెంగళూరులో నాకు దొరికిన మొదటి సాయం అది.

ఫిజీషియన్ రక్తపరీక్ష, ఈసీజీ రాశారు. వాంతులతో, విరేచనాలతో పొటాషియం పడిపోతుంది. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. అది ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది, బరువు మామూలుగా ఉన్నవాళ్ళకి కూడా. చెవుల కింద దవడలు ఉబ్బడం, నెలసరి తప్పడం, గొంతులో మంట, చేతి వేళ్ళ కణుపుల మీద మచ్చలు ఇవన్నీ ఈ జబ్బు గుర్తులే. గుండె దడదడలాడినా, స్పృహ తప్పినా, వాంతిలో రక్తం పడినా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఇంకో నిజం కూడా చెప్పాలి: ఇంత చేసినా తిన్నది పూర్తిగా బయటికి పోదు. విరేచనాల మాత్రలు పనిచేసేది పెద్దపేగులో. ఒంటికి పట్టాల్సింది అప్పటికే చిన్నపేగులో పట్టేసి ఉంటుంది. పోయేది నీళ్ళూ లవణాలూ. అంటే అంత ప్రమాదం కొనితెచ్చుకుని మనం సాధించేది దాదాపు ఏమీ లేదు.

అక్కడి నుంచి సైకియాట్రిస్టు దగ్గరికి, ఆయన దగ్గర్నుంచి సైకాలజిస్టు దగ్గరికి. నేను భయపడ్డట్టు చిన్నప్పటి సంగతులన్నీ తవ్వలేదు. పెద్దవాళ్ళ బులీమియాకి ఇప్పుడు గట్టి ఆధారాలున్న చికిత్స సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ దీన్ని బులీమియా కోసం ప్రత్యేకంగా తీర్చిదిద్దారు. మామూలుగా 20 వారాల్లో 20 సెషన్లు. మొదటి సెషన్‌లో మా సైకాలజిస్టు నా చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, తిన్నది తిన్నప్పుడే రాయమన్నారు: ఎన్ని గంటలకి, ఏమిటి, ఎక్కడ, అప్పుడు మనసెలా ఉంది. అతిగా తిన్నాననిపిస్తే పక్కన చుక్క గుర్తు. కక్కితే దానికో గుర్తు. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఒక పేజీలో ఇలా ఉంది: "సాయంత్రం 4:20. టీ, చెనిక్కాయల ఉండ. ఆఫీసు మెట్ల మీద. భయం. ఎవరూ చూడలేదు." దాని కింద ఆవిడ పెన్సిల్‌తో రాసిన ప్రశ్న: "చూస్తే ఏమయ్యేది?"

రెండో పని, అసలు పని: వేళకి తినడం. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుమూడు సార్లు చిరుతిండి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు తిళ్ళ మధ్య నాలుగు గంటలు దాటకూడదు. ఆకలేసినా, వేయకపోయినా. అన్నిటికంటే కష్టమైన షరతు ఇంకోటుంది. రాత్రి అతిగా తిన్నా సరే, కక్కినా సరే, పొద్దున టిఫిను మానకూడదు. మానడంతోనే చక్రం మళ్ళీ మొదలవుతుంది కాబట్టి, ఆ టిఫినే మందు. కడుపు నిండా బిర్యానీ తిని కక్కిన మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీ ముందు కూర్చోవడం ఎంత నరకమో మాటల్లో చెప్పలేను. తినే హక్కు నాకు లేదనిపించేది. నవ్వొచ్చే విషయమేం కాదు, నేను ఆ ఇడ్లీ తింటూ ఏడ్చాను. కానీ కొద్ది వారాల్లోనే ఒకటి గమనించాను. వేళకి తిన్న రోజుల్లో రాత్రి తిండి మీద పడాలనే ఆ ఊపు సగానికి సగం తగ్గేది. నాలో ఏ తిండిపోతూ లేదు. ఆకలి ఉండేది, అంతే.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి, దీని దగ్గరే చాలామంది చికిత్స మానేస్తారు. కక్కడం, మాత్రలు ఆపిన మొదటి రోజుల్లో ఒళ్ళు నీరు పట్టుకుంటుంది. కాళ్ళు, మొహం ఉబ్బుతాయి. కొంచెం తిన్నా పొట్ట బిగదీసినట్టు ఉంటుంది. అద్దంలో చూస్తే మన భయమంతా నిజమైనట్టే అనిపిస్తుంది. అది కొవ్వు కాదు. ఇన్నాళ్ళూ నీళ్ళు కోల్పోయిన ఒళ్ళు జాగ్రత్తపడి నీటిని పట్టి ఉంచుకుంటుంది. కొన్ని రోజులకో, కొన్ని వారాలకో దానంతటదే దిగుతుంది. నాకు ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. ఇంట్లో రోజూ బరువు చూసుకోవడం ఆపించి, వారానికి ఒక్కసారి క్లినిక్‌లోనే చూసేవాళ్ళు. పీజీలో ఉన్న నా మిషన్ రూమ్మేట్ బంధువుల ఇంటికి వెళ్ళిపోయింది.

మందుల గురించి కూడా మనవాళ్ళకి భయాలెక్కువ. నాకు కొంతకాలం ఫ్లూఆక్సిటిన్ ఇచ్చారు. దిగులుకి వాడే మందే, బులీమియాలో ఆ ఊపుని తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. అది నిద్రమాత్ర కాదు, మత్తుమందూ కాదు. అయితే డాక్టరుకి చెప్పకుండా మనంతట మనం మొదలెట్టకూడదు, ఆపకూడదు. ఒక్క మందుతో పనయిపోతుందని మా డాక్టరు చెప్పలేదు. టిఫిను మానేసి మాత్ర వేసుకుంటే లాభం లేదన్నారు.

ఇక సాయం గురించి. విషయం తెలిశాక అమ్మ ఊరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేసింది. తన ప్రేమ తనకి తెలిసిన దారిలో చూపించింది. నేను బాత్రూమ్‌లోకి వెళ్తే తలుపు బయట నిలబడేది. నీళ్ళ చప్పుడు ఎక్కువసేపు వినబడితే తలుపు కొట్టేది. కంచంలో అన్నం తనే కొలిచి తక్కువ పెట్టేది, ఎక్కువైతే కక్కుతానని. అంటే మాడటం ఇప్పుడు ఇంట్లోవాళ్ళ చేతుల మీదుగా మొదలైంది. వంటింటికి రాత్రుళ్ళు తాళం పడింది. తాళం చూసినకొద్దీ నాకు లోపలున్న డబ్బాలే గుర్తొచ్చేవి. అమ్మ తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. కాపలా అనేది సాయంలా కనబడుతుంది కానీ, దాని వల్ల మనిషికి వచ్చేది సిగ్గు ఒక్కటే. ఈ జబ్బు ఉన్నవాళ్ళ దగ్గర సిగ్గుకి కొరత లేదు.

కేఆర్ పురంలో ఉండే మా పిన్ని వేరే దారి పట్టింది. సైకాలజిస్టుతో ఒకసారి ఫోన్లో మాట్లాడి, "నేనేం చేయాల?" అని మాత్రం అడిగింది. "తనతో కలిసి తినండి. తిన్నాక ఒక గంట ఒంటరిగా వదలకండి. ఒళ్ళు గురించి, తిండి గురించి మాట్లాడకండి" అన్నారట ఆవిడ. పిన్ని ఆ మూడూ చేసింది, ఇంకేమీ చేయలేదు. నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. రాత్రి అందరికీ ఏది వండితే నాకూ అదే, అదే కొలత. రాగిసంగటి, ఊరుబిండి, పప్పు. తింటున్నంతసేపూ సీరియల్ గురించో, పక్కింటి గొడవ గురించో మాట్లాడేది. నా కంచం వైపు చూసేది కాదు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి చాపమీద సుద్దతో గళ్ళు గీసి ఉండేవి. "ఆట పరిచినా, రా పాపా" అనేది. గవ్వలతో అష్టాచెమ్మా. చింతపిక్కలు తనవి, చెనిగ్గింజలు నావి. తిన్న తర్వాత గంటే అన్నిటికంటే గడ్డు గంట నాకు. కడుపులో అన్నం బరువు ఒక్కటే తెలిసేది, లేచి వెళ్ళాలని ఒళ్ళంతా లాగేది. అప్పుడు పిన్ని గవ్వలు గలగలలాడిస్తూ "అష్టా పడింది, చూసుకో" అని నా కాయని చంపేది. ఆ ఊపు నిజానికి ఎప్పటికీ అలాగే ఉండదు. పెరుగుతుంది, పైకెళ్తుంది, ఏమీ చేయకపోయినా దిగిపోతుంది. ఈ సంగతి సైకాలజిస్టు కాగితం మీద గీసి చూపించారు. నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ చాపమీద.

పిల్లల విషయం వేరు అంటారేమో. నిజమే, టీనేజీ పిల్లలకి తల్లిదండ్రులే భోజనం బాధ్యత పూర్తిగా తీసుకునే చికిత్స ఒకటి ఉంది, దానికీ మంచి ఆధారాలున్నాయి. అయితే అందులోనూ తల్లిదండ్రుల పని పక్కన కూర్చుని తినిపించడం. తగ్గించడం, దెప్పడం అందులో లేవు.

చికిత్సలో నన్ను భయపెట్టే పదార్థాల లిస్టు ఒకటి రాయించారు. నా లిస్టులో అన్నిటికంటే పైనున్నది తెల్లన్నం. బెంగళూరులో ఆంధ్రా భోజనం హోటళ్ళు వీధికొకటి. నేను వాటి ముందు నుంచి నడవాల్సొస్తే రోడ్డు దాటి వెళ్ళేదాన్ని. అరిటాకు మీద అడగకుండానే వడ్డించుకుంటూ పోతారు, ఎంతైనా పెడతారు. అదే నాకు వణుకు. చికిత్స సగంలో పిన్నితో కలిసి అలాంటి హోటలుకి వెళ్ళాను. కందిపొడి, నెయ్యి, ముద్దపప్పు, గోంగూర. వడ్డించే అబ్బాయి "ఇంకొంచెం అన్నం మేడమ్?" అన్నప్పుడు, వద్దని చెప్పడం ధైర్యమా, పెట్టమనడం ధైర్యమా అని ఒక క్షణం తేల్చుకోలేకపోయాను. పెట్టమన్నాను. పెరుగుతో తిన్నాను. ఆ రాత్రి ఏమీ కాలేదు. ఇలాంటి మధ్యాహ్నం ఎంత పెద్ద సంగతో ఈ జబ్బు తెలిసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

"మనసు గట్టిచేసుకుంటే ఈ డాక్టర్లెందుకు?" అనేవాళ్ళకి నా జవాబు: రోజంతా ఆకలిని తొక్కిపెట్టగలిగిన మనిషికి మనోబలం తక్కువా? మాకు ఉన్నదే మనోబలం, అదంతా తప్పు వైపు ఖర్చయిపోతోంది. "ఇది డబ్బున్నవాళ్ళ జబ్బు" అనేవాళ్ళు మా పీజీకి ఒకసారి రావాలి. ఆరువేల అద్దెకి ముగ్గురు ఒక గదిలో ఉండే అమ్మాయిల్లో చూశాను నేను ఈ జబ్బుని. జిమ్‌లో కొవ్వు కరిగించే 'కటింగ్' పేరుతో వారమంతా మాడి ఆదివారం అదుపు తప్పే అబ్బాయిల్లో కూడా చూశాను. అబ్బాయిలైతే దాన్ని జబ్బనుకోరు, డాక్టరు దగ్గరికి అసలే రారు.

ఇంకో అడ్డు, సైకియాట్రీ అంటేనే భయం. మన దగ్గర ఎర్రగడ్డ పేరు జోకుగా మారి ఎన్నేళ్ళయింది! ఆ జోకు వేసిన ఇంట్లో ఎవరికి బాగోలేకపోయినా ముందు దాచుకోవడమే నేర్చుకుంటారు. బెంగళూరులో ఉండేవాళ్ళకి హోసూర్ రోడ్డు మీద నిమ్హాన్స్ ఉంది. మానసిక వైద్యంలో దేశంలోనే పెద్దపేరున్న ప్రభుత్వ సంస్థ, ఓపీ ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి, వెంట ఎవరైనా ఉంటే మంచిది. బయట ఊళ్ళలో ఉన్నవాళ్ళు 14416కి ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం మొదలెట్టిన సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఖర్చు గురించి చట్టం ఒక మాట చెప్తోంది: 2018లో అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలి. కానీ మన పాలసీల్లో ఎక్కువభాగం ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తాయి. బులీమియా చికిత్స ఎక్కువగా బయటినుంచి వచ్చిపోతూ చేయించుకునేది. వారం వారం సైకాలజిస్టు ఫీజు జేబులోంచే కట్టాలి. బరువు తగ్గే పోటీలకి వోచర్లు ఇచ్చే ఆఫీసులు ఆ డబ్బుని ఉద్యోగుల కౌన్సెలింగ్‌కి పెట్టమని నేను మా హెచ్‌ఆర్‌కి రాశాను. పోటీ ఆగింది. కౌన్సెలింగ్ డబ్బు కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు బాగున్నాను. మధ్యలో జారిపడ్డ రోజులున్నాయి, ముఖ్యంగా టెన్షన్ ఎక్కువైనప్పుడు, పెళ్ళిళ్ళ సీజన్లో. చికిత్స చివర్లో నేర్పేది సరిగ్గా దాని గురించే: ఒక్కసారి జారితే జబ్బు తిరగబెట్టినట్టు కాదు, తర్వాతి పూట వేళకి తింటే అక్కడితో ఆగుతుంది.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, డాక్టరు దగ్గరికి వెళ్ళి గ్యాసనో, ఎసిడిటీ అనో చెప్పి మందు తెచ్చుకోకండి. నోటితో చెప్పడం కష్టమైతే కాగితం మీద రాసుకెళ్ళండి: "అదుపు లేకుండా తింటున్నాను. తిన్నాక వాంతి చేసుకుంటున్నాను. ఎన్నాళ్ళ నుంచో ఇలా జరుగుతోంది. పొటాషియం, ఈసీజీ చూడండి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపండి." ఆ డాక్టరు "తక్కువ తినండి" అని పంపేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈలోగా రేపు పొద్దున టిఫిను మానకండి, రాత్రి ఏం జరిగినా సరే.